తొంభై ఒకటి మొలిచాయి

తిరుమలగిరి. మృగశిర కార్తె, సోమవారం.

ఇవాళ దుకాణంలో మొలక గోనె విప్పాను. కొత్త రకం పత్తి గింజలు వంద లెక్కపెట్టి, తడిగోనెలో చుట్టి నాలుగు రోజులైంది. ముప్పై ఏళ్లుగా ఏ రకం వచ్చినా ఇలాగే చూసి అమ్ముతున్నాను. ఒకప్పుడు గోనె విప్పే రోజు రైతులు పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఈ రకం మా ఎర్ర చెలక నేలలో వస్తుందా రాదా అని వాదులాడుకునేవాళ్లు. అందరికంటే పెద్ద గొంతు యాదయ్యది.

ఇవాళ యాదయ్య ఒక్కడే వచ్చాడు. ఫోన్లో ఆ రకం ప్యాకెట్ ఫొటో చూపించాడు.

"గిదే కావాలె సేటు. దేశమంత గిదే ఏస్తున్నరట."

"మన చెలకల ఎట్లుంటదో ఏమో. మొలక చూద్దువు, జర కూసో."

"వీడియోల చూసిన. ఆటో ఆగింది, జల్ది ఇయ్యి."

ఇచ్చాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మొలక శాతం ప్యాకెట్ మీదే అచ్చేసి ఉంటుంది, ఇక నా గోనె ఎవరికి కావాలి?

అతను వెళ్లాక ఒక్కణ్ణే లెక్కపెట్టాను. అలవాటు కొద్దీ పైకే చెప్పాను. బెంచీ మీద ఎవరూ లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తొంభై ఒకటి.