మన చర్చిలో ఇద్దరు కెజీయాలు

పర్చూరు,
ఆదివారం.

రూతు అత్తయ్యకు వందనాలు.

నాన్న ముందు ఫోన్లో అడగలేక ఉత్తరం రాస్తున్నాను. మా తెలుగు మేడమ్ ఎవరి పేరు పుట్టుక వాళ్లను రాసుకురమ్మన్నారు. కాలేజీ మొత్తంలో కెజీయా నేనొక్కదాన్నే. అది హెబ్రీ మాటట, దాల్చినచెక్క లాంటి సువాసన చెక్క పేరట. ఆ రోజంతా మురిసిపోయాను. తర్వాత పాస్టరుగారు బాప్తిస్మాల పుస్తకం తీసి చూపించారు. అరవై ఏళ్లలో ఆ పేరు రెండుసార్లే ఉంది. రెండోది నాది. మొదటిది మీ చెల్లెలిది.

నాన్నను అడిగితే చెప్పాడు. ఆ కెజీయా ఆరేళ్లప్పుడు మీతో దాగుడుమూతలు ఆడుతూ, గదిలో కప్పుదాకా పోసిన పత్తిలో దూరిందట. ఊపిరాడలేదట. నిద్రలో నా ముఖం మీది దుప్పటిని నాయనమ్మ ఎందుకు లాగేసేదో ఇప్పుడు తెలిసింది.

జ్వరం వచ్చినప్పటి నుంచి నాయనమ్మకు మతి నిలకడగా లేదు. పక్కనే ఉన్న నన్ను దాటి తలుపు వైపు చూస్తూ, "కెజీయా, ఇక చాల్లే, బయటికి రావే" అని పిలుస్తోంది. నిన్న ఆగలేక, "వచ్చేశానమ్మా" అన్నాను. ఆమె నన్ను దగ్గరకు లాక్కుని, జుట్టులో పత్తి ఏరుతున్నట్టు వేళ్లు ఆడించింది.

"ఇంతసేపు ఎక్కడున్నావే? మీ అక్క నిన్ను వెతకలేదా?" అంది.

అత్తయ్యా, పొద్దుటి నుంచి మళ్లీ మళ్లీ అదే అడుగుతోంది. వెతికారని మీరొచ్చి చెబుతారా, నన్నే చెప్పమంటారా?

మీ మేనకోడలు