సీసం గుండు దిగిన మాంసం, నా ఇల్లు

దేవుని ఎదుట, నా తెలివి నా దగ్గర ఉండగా రాసుకుంటున్న కాగితం ఇది. నేను దాసరి ఏసుకుమారిని, పోయిన ఇస్సాకు గారి భార్యను. వయసు డెబ్బై మూడు, పుట్టింది రేపల్లె దగ్గర, కాపురం జర్మనీలో, క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో. పక్కన కూర్చుని ఎవరూ చెప్పి రాయించడం లేదు. మాత్రలు వేసుకున్న మాట నిజమే, అవి బీపీవి, బుర్రవి కాదు. సోమవారం నా గుండెకి ఆపరేషన్. భయం లేదని డాక్టరు చెప్పాడు. ఒకసారి చెప్తే చాలు కదా, రెండోసారి ఎందుకు చెప్పాడో తెలియదు. చదివింది ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత హాంబర్గ్‌లో ఉండే మా తమ్ముడు ఫ్రాన్సిస్‌ది. ఫ్రాన్సిస్, అందర్నీ కూర్చోబెట్టి పైకి చదువు. నా కొడుకు కృపాల్ మధ్యలో లేచి ఫోను పట్టుకుని బయటికి పోతాడు. వాడు తిరిగొచ్చాక మళ్ళీ మొదటి నుంచి చదువు.

2. మా ఆయన వేట తుపాకీ ఆయన పోయాక తుపాకీ కార్డులో కృపాల్ పేరు మీదికి మారింది. వాడికి లైసెన్సు ఉంది. దాని మీద నాకు హక్కు లేదు, అందుకని తుపాకీ గురించి రాయను. దానితో కొట్టి నా ఇంట్లోకి తెచ్చే మాంసం గురించి రాస్తాను. ఆ హక్కు నాకుంది, ఇల్లు నాది.

3. విషయం ఇదీ. వాళ్ళ నాన్న మిగిల్చిపోయిన పాత తూటాలు సీసం గుండువి. అవి అడవిపంది ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని, ముక్కలైపోతాయి. పంది ఉన్నచోటే కూలుతుంది, అందుకే కృపాల్‌కి అవంటే ప్రాణం. కానీ ఆ ముక్కలు గాయంలోనే ఉండవు, జానెడు దూరం దాకా మాంసంలోకి పోతాయి. దెబ్బతిన్న జంతువుల్ని వేటకుక్కతో వెతికే ఆవిడ, ఫ్రావ్ లూడర్స్, ఒక పంది జబ్బకి తీసిన ఎక్స్‌రే నాకు చూపించింది. ఇడ్లీ రవ్వ చల్లినట్టు ఉంది. చేత్తో తడిమితే తగలదు, కంటికి ఆనదు.

4. ఇక్కడి వాళ్ళు గాయం చుట్టూ పెద్ద పళ్ళెమంత కోసి పారేస్తారు. మన ఇంట్లో పారెయ్యరు. రక్తం కట్టిన ముక్క కూడా కడిగి, ఖీమా కొట్టి, చింతపండు పులుసులో ఊరబెట్టి పచ్చడి పెడతారు. పులుపు తగిలితే సీసం ఇంకా కరిగి మాంసంలో కలుస్తుందంట. నా కోడలు యూనిస్‌కి ఇప్పుడు ఐదో నెల. వేడన్నంలో ఆ పచ్చడి తప్ప ఏదీ సయించడం లేదు. కడుపుతో ఉన్నవాళ్ళు సీసంతో కొట్టిన మాంసం ముట్టకూడదని వాళ్ళ డాక్టరమ్మ చెప్పింది. కృపాల్ ఏమన్నాడూ, "నేను తిని పెరగలేదా అమ్మా, నాకేమైంది?" అన్నాడు. ఏమైందో నాకేం తెలుసు నాయనా, నీ లెక్కల మార్కులు చూసినదాన్ని.

5. సీసం బదులు వాడమనే రాగి గుండు మంచిది కాదని వాడి వాదన. సూదిలా ఇటు దూరి అటు పోతుందట, జంతువు చావదట. పోయిన నవంబరులో రాగి గుండు తిన్న పంది పొదల్లోకి పరిగెత్తింది. వీడు కుక్క వచ్చేదాకా ఆగకుండా వెనకాలే దూరాడు. అది తిరగబడి పిక్క చీల్చింది. ఆ రాత్రి నా ప్రాణం నా దగ్గర లేదు. తర్వాత ఫ్రావ్ లూడర్స్ పందిని కోసి చూపించింది. గుండు పువ్వులా విచ్చుకునే ఉంది, చేయాల్సిన పని చేసింది. తగిలిందే వెనక్కి, పొట్టలో. ముందుకాలి వెనక, గుండె మీద తగిలుంటే రాగి అయినా పడేది. పైగా తూటా మార్చినప్పుడు తుపాకీ కాల్చి చూసే రేంజికి పోయి గురి సరిచేసుకోవాలి. వాడు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకలేదని పోలేదు. తప్పు గుండు మీద వేసి మళ్ళీ నాన్న డబ్బా తెరిచాడు. ప్రభుత్వ అడవిలో సీసం వద్దంటారని రైతుల అడవికి పోతున్నాడు.

6. సీసమైతే బిడ్డకి భయం, రాగి అయితే వీడి కాళ్ళకి భయం. రెండిటి మధ్య నాకు నిద్ర లేదు. అందుకని కృపాల్‌కి వాళ్ళ నాన్న ఆకుపచ్చ కోటు, ఫ్లాస్కు ఇస్తున్నాను. ఇస్సాకు గారు గుండు పేల్చాక కదిలేవారు కాదు. చాయ్ పోసుకుని, చివరి గుక్క దాకా తాగి అప్పుడు లేచేవారు. ఈలోగా జంతువు దూరం పోకుండా పడుకుని, అక్కడే ప్రాణం వదిలేది. నాన్న దగ్గర నేర్చుకోవాల్సింది అదీ, తూటాల డబ్బా కాదు. ఫ్లాస్కు మూత కొంచెం లీకవుతుంది, నిలువుగా పెట్టుకో.

7. ఫ్రావ్ లూడర్స్ కుక్కకి నా ఊలు దుప్పటి. ముసలిదైపోయింది, పాపం, మంచులో నిలబడి వణుకుతోంది.

8. యూనిస్‌కి నా బంగారం గొలుసు, నా ఇనప మూకుడు. అమ్మా, పచ్చడి తినాలనిపిస్తే కోడితో పెట్టుకో. అలవాటవుతుంది.

9. పోయిన వారం కృపాల్ ఇంకో పందిని తెచ్చి దాని జబ్బ ఫ్రీజరులో పెట్టాడు. ఏ గుండు అని అడిగితే, "అదే అమ్మా, ఇంక అడగొద్దు," అన్నాడు. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి యూనిస్‌కి తనే పచ్చడి పెడతాడట. ప్రేమతోనే అన్నాడు, అదే నాకు మరీ భయం. రేపు ఫ్రావ్ లూడర్స్ వచ్చి ఆ జబ్బ పట్టుకుపోయి పారేస్తుంది. పారేస్తే ఇంకోటి తెస్తాడు, నాకు తెలుసు. నేనుంటే అడ్డుపడతాను. లేకపోతే ఎవరు అడ్డుపడతారు? యూనిస్ మొగుడికి ఎదురు చెప్పే పిల్ల కాదు.

10. కాబట్టి నా ఈ ఇల్లు, వంటగది, ఫ్రీజరు, నేలగదితో సహా, కృపాల్‌కి ఇవ్వడం లేదు. యూనిస్ కడుపులో ఉన్న బిడ్డకి ఇస్తున్నాను. పుట్టని బిడ్డకి రాసినా ఇక్కడ చెల్లుతుందని ఫ్రాన్సిస్ లాయరుని అడిగి చెప్పాడు. ఆడైనా మగైనా సరే. దేవుడు అడ్డం తిప్పితే, అప్పుడు యూనిస్‌కి చెందుతుంది. బిడ్డ పెద్దయ్యేదాకా ఇంటి వ్యవహారం యూనిస్ ఒక్కతే చూడాలి, కృపాల్ సంతకం చెల్లదు. కొడుక్కి చట్ట ప్రకారం కొంత వాటా అడిగే హక్కుందట. అడుగు నాయనా, నీ బిడ్డ దగ్గరే అడుగు.

కృపాల్, నీకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఎప్పటికీ ఉంది, ఎవరూ పొమ్మనరు. కానీ ఇక మీదట గుమ్మం లోపలికి మాంసం తేవాలంటే ఇంటి యజమానిని అడగాలి. యజమానికి ఇంకా మాటలు రావు. వాళ్ళమ్మని అడుగు. యూనిస్, నువ్వు ఒకటే అడుగు, ఏ గుండు అని.

క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్, 2025 ఫిబ్రవరి 11, మంగళవారం.

మొత్తం నా చేత్తో రాసి సంతకం చేశాను,
దాసరి ఏసుకుమారి

ఇక్కడ సాక్షులు అక్కర్లేదంటారు. సాక్షులు లేకపోతే నాకు మనసు నిలకడగా ఉండదు.

సాక్షులు: భావన, పై అంతస్తులో అద్దెకుంటున్న విద్యార్థిని.
శ్రీహర్ష, ఆమె క్లాసులోనే చదువుతున్నాడు.