లింగవ్వ గురువారపు అరగంట

హైదరాబాద్, 10-2-2006

ఆర్మూర్ పసుపు యార్డు మహారాణి, మా పెద్దమ్మ లింగవ్వ గారికి, బి.ఫార్మసీ మూడో ఏడు వెలగబెడుతున్న హన్మండ్లు దండం పెట్టి రాయునది.

డాక్టరు రాసిన కొత్త గోలీలు, నాలుగున్న పట్టీ, పంపుతున్నాను. కీళ్లవాతమూ, దానికి మింగే స్టెరాయిడ్లూ కలిసి నీ ఎముకలను గుల్ల చేస్తున్నాయట. ఈ గోలీ వాటికి కాపలా. పాత కీళ్ల మందులు మానకు. ప్రతి గురువారం పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో ఒకటి మింగు. తర్వాత అరగంట పడుకోకు, వంగకు, చాయ్ తాగకు. మాట్లాడనూ వద్దు, నువ్వు నోరు తెరిస్తే చాయ్ దానంతటదే వస్తుంది.

ఇట్లు,
సగం డాక్టరు

తా.క.: తల కూడా వంచకు. నువ్వు తల వంచగా చూసినవాళ్లు ఆర్మూర్‌లో లేరు గనక ఇది కష్టం కాదు.

పెర్కిట్ (ఆర్మూర్), 3-3-2006

సగం డాక్టరు కొడుక్కు, నిండు పెద్దమ్మ దీవించి రాయించునది. రాస్తున్నది నాతోని యార్డు పనికొచ్చే కుబ్రా.

నువ్వు చెప్పినట్టే చేస్తున్న. ఇంట్ల కూసుంటే ఆలస్యమైతదని యార్డులనే గోలీ మింగి, సంచుల మీద కొయ్యబొమ్మ తీరు కూసుంటున్న. "ఏం మొక్కు లింగవ్వా?" అని పక్క కుప్ప ఏరే ఆశమ్మ అడిగింది. మాట్లాడొద్దంటివి, చెప్పలె. గంతే, మొక్కే అని ఖాయం చేసిండ్రు! నిన్న తొమ్మిదిమంది ఆడోళ్లు నా ఎనుక కూసున్నరు. హమాలీ హన్మయ్య కొబ్బరికాయ కొట్టిండు.

గని బిడ్డా, మూడు గోలీలాయె, వంకర వేలు సక్కగ కాలె. పసుపు కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి గోలలు ఒక దిక్కు ఏరుడు నా చేతులకు మెల్లగైంది. పగటాల్లకు కుప్ప ఏరుడు ఒడవకుంటే సేటు పనికి రావద్దంటడు. దాంట్ల అరగంట గోలీకే పాయె. బంద్ చేద్దామనుకుంటున్న.

నీ పెద్దమ్మ

తా.క.: నేను కుబ్రాను. భయ్యా, ఆశమ్మ మోకాళ్ల నొప్పికి ఒక గోలీ అడుగుతుంది. మొక్కు గోలీ మస్తు పనిచేస్తదంట.

హైదరాబాద్, 8-3-2006

పెద్దమ్మకు, చెమటలు పట్టిన హన్మండ్లు రాయునది.

అది మొక్కు కాదు! గోలీ ప్రసాదం కాదు! ఎవరికి పంచావో పేర్లు రాయి, పరీక్షలు వదిలేసి వస్తాను. ఆశమ్మ మోకాళ్లను డాక్టరే చూడాలి. ఆ తొమ్మిదిమందినీ పంపించెయ్.

అబద్ధం చెప్పను పెద్దమ్మా, వంగిన వేలు ఈ గోలీతో తిన్నగా కాదు. ఎముక విరగకుండా కాస్తుంది. మిగతా వేళ్లు వంగకుండా కీళ్ల మందు కొట్లాడుతుంది. ఏదీ బంద్ చేయకు.

ఇట్లు,
పావు డాక్టరు

తా.క.: ఆ వేళ్లు చేసిన జొన్నరొట్టె తిని పెరిగినవాణ్ణి. వంకరైనా నాకు అవే కావాలి.

పెర్కిట్, 12-3-2006

పావు డాక్టరుకు పెద్దమ్మ రాయించునది.

పరీక్షలు రాయి, రాకు. గోలీ ఎవ్వరికీ ఇయ్యలె. ఆశమ్మను దవాఖానకు తోలుకపోయిన.

ఆ తొమ్మిదిమందిని నేనెట్ల పంపుత? మొక్కు లేదని వాళ్లకు మొదటిసందే ఎరుక. నా ఎనుక కూసొని, సప్పుడు గాకుండ నా కుప్ప ఏరి నా సంచి నింపుతున్నరు. మొక్కంటే సేటు లేపడని గట్ల పుకారు లేపిండ్రు. కొబ్బరికాయ గూడ గందుకే. సేటు చెప్పులిడిచి దండం పెట్టి పోతుండు! నాకు తెల్వదనుకుంటున్నరు పిచ్చోళ్లు. నేను చూస్తనా? తల వంచొద్దంటివి కద.

గోలీ బంద్ చెయ్య. పట్టీ ఒడిసింది, గురువారం లోపల ఇంకోటి పంపు.

నీ పెద్దమ్మ

తా.క.: నేను కుబ్రాను. భయ్యా, ఆ తొమ్మిదిమందిల నేనొకదాన్ని. లింగవ్వకు తెల్వదనే అనుకున్న. గీ ఉత్తరం రాస్తుంటే తెలిసింది. కండ్లు తుడుసుకుంటుంటే, "ఏడ్సుడు తర్వాత, ముందుగాల చాయ్ పెట్టు" అంటుంది.