చిన్న చక్రాలకు సరిపడా

జూలై 6, ఆదివారం

బ్రైడీ వచ్చి వారమైంది. పదకొండేళ్ళ పిల్ల. నోట్లోంచి వచ్చే మాటలు మూడే: సరే, వద్దు, థాంక్స్. ఒక బ్యాగు, ఒక గీతలు పడిన సైకిల్ తెచ్చుకుంది. సైకిల్ షెడ్‌లో పెడతానంటే వద్దంది. తన గది కిటికీ కిందే, లోపల్నుంచి కనబడేలా ఆనించుకుంది.

కన్నవాళ్ళు చూసుకోలేని పిల్లల్ని వేరే ఇళ్ళలో ఉంచే పిల్లల ఆఫీసు నుంచి వచ్చే అనహేరా ఇవాళ టీ తాగి వెళ్ళింది. తల్లి మందు మాన్పించే చోట ఉందట, ఎప్పటికి కోలుకుంటుందో ఎవరికీ తెలియదట. ఐదేళ్ళ తమ్ముడు ఒటిస్‌ని ఊరికి అవతలి వైపు ఇంకో ఇంట్లో ఉంచారు. "ఇద్దర్నీ కలిపి తీసుకునే ఇల్లు దొరకలేదు నోలీన్," అని నా వైపు చూసింది. నేను కప్పులోకి చూశాను.

ఒక్కరినే అని ముందే చెప్పాను. నాకు యాభై ఏడు. ఒక్కదాన్నే ఉంటాను. సిటీ బస్సు నడుపుతాను, ఉదయం మొదటి ట్రిప్పు నాదే. నేను డ్యూటీకి వెళ్ళగానే పక్కింటి హోహేపా వచ్చి, పిల్ల స్కూలుకు వెళ్ళేదాకా మా వంటింట్లో పేపరు చదువుతూ కూర్చుంటాడు. ఈ ఏర్పాటు కుదిరిందే గొప్ప.

జూలై 9, బుధవారం

లాన్ మధ్యలో గొయ్యి!

జూలై 10, గురువారం

నిన్న ఒళ్ళు మండి ఒక్క ముక్క రాసి పెన్ను పడేశాను. ఈ వీధిలో లాన్ అంటే నాది. ప్రతి శనివారం చారలు పడేలా కోస్తాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. దాని నడిబొడ్డున గొయ్యి తీసి, మట్టి పక్కన దిబ్బ పోసి, పార వీపుతో టపటపా చరుస్తోంది ఈ పిల్ల.

ఏంటిది అన్నాను. పంప్ ట్రాక్ అంది. అంటే అన్నాను. ఈ రోటొరువా ఊళ్ళోనే పుట్టి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. తెలియకేం, బస్సు కిటికీలోంచి రోజూ చూస్తాను. ఊరి నిండా సైకిళ్ళే. ఎలా తొక్కుతారో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

చెప్పింది. దిబ్బలూ గుంటలూ వరసగా ఉండాలట, చుట్టూ తిరిగి మొదటికే రావాలట. పెడల్ తొక్కకూడదట. దిబ్బ దిగేటప్పుడు చేతులతో కాళ్ళతో సైకిల్ని కిందికి నొక్కాలి, ఎక్కేటప్పుడు ఒళ్ళు తేలిక చేసుకోవాలి. అలా నొక్కుతూ పోతే సైకిల్ దానంతట అదే పరిగెడుతుందట. చేతులు ఊపుతూ, మోకాళ్ళు వంచుతూ చూపించింది. వారం మొత్తంలో మాట్లాడిన దానికన్నా ఎక్కువ మాట్లాడింది.

"అడిగి తవ్వాలి కదమ్మా," అన్నాను.

"అడిగితే వద్దనేవాళ్ళు," అంది.

నిజమే, వద్దనేదాన్ని.

బట్టలారేసే తీగ దాటి రాకూడదని చెప్పి లోపలికి వచ్చేశాను. వచ్చాక, అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

జూలై 19, శనివారం

బట్టలారేసే తీగ దాటింది.

మా మట్టితో పెద్ద చిక్కు. పైన జానెడు నల్లమట్టి బాగానే ఉంటుంది. దాని కింద అంతా ప్యూమిస్, ఎప్పుడో కొండ పేలినప్పుడు కురిసిన తెల్లటి రాతి పొడి. గుప్పిట్లో పట్టి నొక్కినా ముద్దవదు. మలుపు దగ్గర సైకిల్ బయటికి పోకుండా ఏటవాలు గోడ కట్టాలి, దాన్ని బర్మ్ అంటారట. రెండుసార్లు కట్టింది. రెండుసార్లూ వానకి కరిగి కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, మూడోసారి మొదలుపెట్టింది.

హోహేపా ఫెన్స్ మీద మోచేతులు ఆనించి, "ఏంటి నోలీన్, బంగాళాదుంపలు వేస్తున్నావా, ఎవరినైనా పూడ్చిపెడుతున్నావా?" అన్నాడు. బ్రైడీ పెదవి చివర కొంచెం కదిలింది. అది చూసి ఆయన రెచ్చిపోయాడు. మధ్యాహ్నానికల్లా వాళ్ళ తమ్ముడి పొలం నుంచి ట్రెయిలర్ నిండా పసుపు బంకమట్టి దింపాడు. "ఇది పట్టుకుంటే వదలదు పిల్లా, మా ఆవిడ లాగే," అన్నాడు. వాళ్ళావిడ అవతలి నుంచి అన్నీ వింటోంది. రాత్రికి తిండి పెట్టిందో లేదో.

జూలై 20, ఆదివారం

ఇవాళ దిబ్బలన్నీ కొట్టి పొట్టిగా చేసింది. అంత కష్టపడి లేపినవి! ఎందుకే అంటే ఇంకో దిబ్బ కొట్టడం మొదలుపెట్టింది. రెండో పార తీసుకుని నేనూ దిగాను. నడుము పట్టేసింది. ఇద్దరం మెట్ల మీద కూర్చుని వేడివేడి మైలో పాలు తాగుతుంటే, కప్పులోకి చూస్తూ అంది: "ఒటిస్ సైకిల్ చక్రాలు చిన్నవి. ఎత్తుంటే ఎక్కలేడు."

ఇన్నాళ్ళూ అది తన కోసం కట్టుకుంటోందనుకున్నాను.

ఆదివారం పూట వాళ్ళిద్దరూ అనహేరా వెంట పార్కులో రెండు గంటలు కలుస్తారు. ఆ రెండు గంటలు ఇక్కడ గడపొచ్చా అని అనహేరాని అడిగాను. ఆమె నవ్వుతూ, అది బ్రైడీ తనను వచ్చిన రోజే అడిగిందని, నోలీన్ గారి ఇంట్లో పిల్లాడు ఆడుకోడానికేమీ లేదు కదా అని తనే అన్నానని చెప్పింది.

ఆ మాట పట్టుకుని నా లాన్ తవ్వింది!

ఆగస్టు 3, ఆదివారం

ఒటిస్ వచ్చాడు. పెడళ్ళు లేని బుల్లి సైకిల్, కనుబొమ్మల దాకా దిగిన హెల్మెట్. ముక్కు కారుతోంది. నన్ను చూసి, "నువ్వు బస్సువి కదా?" అన్నాడు. అవునన్నాను. "బస్సేది?" అన్నాడు. డిపోలో ఉందంటే నామీద గౌరవం సగం పోయింది.

బ్రైడీ వాడి వీపు మీద ఒక్క అరచెయ్యి ఆనించి పక్కనే పరిగెత్తింది. తొయ్యలేదు, పట్టుకోలేదు, ఆనించిందంతే. "ఇప్పుడు నొక్కు. ఇప్పుడు గాల్లోకి. ఇప్పుడు నొక్కు." మూడో చుట్టులో ఆ చెయ్యి తీసేసింది. వాడు చూసుకోలేదు. కాళ్ళు రెండూ పైకెత్తి, నోరు తెరుచుకుని, బర్మ్ మీదుగా తిరిగి వచ్చేశాడు. ఆగాక వెనక్కి చూసి అక్క అంత దూరంలో ఉందని తెలిసి, నవ్వాలో భయపడాలో తెలియక నిలబడిపోయాడు. హోహేపా ఫెన్స్ వెనక ఈల వేశాడు.

కీమా పెట్టి కాల్చిన పైలు రెండు తిన్నాడు. వెళ్ళే టైమైందనగానే తుర్రుమని పోయి ఒక దిబ్బని కావలించుకుని బోర్లా పడుకున్నాడు. అరవలేదు, ఏడవలేదు. పట్టుకున్నాడంతే. అనహేరా మెల్లిగా వేళ్ళు విడదీసి ఎత్తుకుంది. తడి మట్టి మీద వాడి కోటు జిప్పు అచ్చు, గడ్డం అచ్చు.

కారు వెళ్ళాక బ్రైడీ పారతో ట్రాకంతా నున్నగా సర్దింది. ఆ దిబ్బ జోలికి వెళ్ళలేదు.

ఆగస్టు 16, శనివారం

బ్రైడీ సైకిల్ మీద ట్రాక్ ఎక్కాను. తప్పలేదు. "కట్టినవాళ్ళు ఒక్కసారైనా తిరగాలి, అదే రూల్," అంది బ్రైడీ. ఎవరి రూలే అంటే తనదేనట. మొదటి దిబ్బ బాగానే దాటాను. రెండోది దిగేటప్పుడు నొక్కమంది. నేను బ్రేకు నొక్కాను. బట్టలారేసే తీగలో చిక్కుకుని, తడి దుప్పటితో సహా కిందపడ్డాను.

అప్పుడు విన్నాను ఆ పిల్ల నవ్వు. గట్టిగా, మొరటుగా, ఎక్కిళ్ళు పెట్టి. దుప్పటి కిందే ఇంకాసేపు పడుకున్నాను, అది ఆగిపోతుందేమోనని.

మోకాలు వాచింది. ఐస్ పెట్టుకుని రాస్తున్నాను.

ఆగస్టు 27, బుధవారం, మధ్యాహ్నం, డిపోలో

అనహేరా ఫోన్ చేసింది. ఒటిస్ ఉంటున్న ఇంటివాళ్ళు ఉద్యోగం మారి సముద్రం దాటి దక్షిణ దీవికి వెళ్ళిపోతున్నారు. ఈ స్కూలు టర్మ్ అయ్యేదాకా ఉంటారు. ఒటిస్‌కి గిస్బోర్న్‌లో ఇంకో ఇల్లుందట, మంచివాళ్ళేనట. అంత దూరం నుంచి ప్రతి ఆదివారం కుదరదు. నెలకోసారి చూద్దాం అంది. "చూద్దాం" అనేటప్పుడు ఆమె గొంతు బాగోలేదు.

బ్రైడీకి సాయంత్రం తనే వచ్చి చెబుతుందట.

ట్రిప్పుకి టైమైందని ఫోన్ పెట్టేశాను. టైం కాలేదు.

ఆగస్టు 28, గురువారం

డ్యూటీ దిగి వచ్చేసరికి పెరట్లో బ్రైడీ. స్కూలు యూనిఫాంలోనే ఉంది. పారతో బర్మ్‌ని నరుకుతోంది. పెద్ద మలుపు సగం పోయింది. దిబ్బలు కూలి మట్టిముద్దలు నలుమూలలా పడున్నాయి. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

నేను ఆపలేదు. మెట్టు మీద కూర్చున్నాను. అలిసిపోయాక తనే వచ్చి, నాకు కొంచెం ఎడంగా కూర్చుంది.

"మీ లాన్ మళ్ళీ వేసేస్తాను," అంది. "గడ్డి గింజలు చల్లితే డిసెంబర్లో ఎండాకాలానికల్లా వచ్చేస్తుంది."

లాన్ సంగతి వదిలెయ్ అన్నాను.

"మీరు ఒక్కరినే అని చెప్పారట కదా. నాకు తెలుసు. నేను అడగట్లేదు."

అంతే అంది. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అదుంటే ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని.

బొబ్బలకి మందు రాశాను. రాయనిచ్చింది.

ఆగస్టు 29, శుక్రవారం

ఇవాళ మొదటి ట్రిప్పు బాగా నెమ్మదిగా నడిపాను. సరస్సు దగ్గర మలుపు తిరిగేసరికి నీళ్ళ మీద ఆవిరి, దాని వెనక వెలుతురు మెల్లిగా పైకి రావడం. బస్సులో ఆస్పత్రి నర్సు ఒక్కతే, నిద్రపోతూ. ఆ కాసేపు ఊరు మొత్తం నాదే అనిపిస్తుంది. ఏళ్ళ తరబడి పైస్థాయి వాళ్ళతో పోట్లాడి నిలబెట్టుకున్న ట్రిప్పు.

డిపోకి వచ్చి సూపర్‌వైజర్‌తో, ఇది ఇంకెవరికైనా ఇచ్చెయ్, నాకు స్కూలు వేళల డ్యూటీ కావాలన్నాను. ఒంట్లో బాగుందా అని అడిగాడు. ఇంట్లో పిల్లలున్నారన్నాను. "పిల్లలా? ఒక పిల్లే కదా?" అన్నాడు.

ఆ తర్వాత అనహేరాకి ఫోన్ చేశాను. అవతల్నుంచి ముక్కు చీదిన చప్పుడు.

ఆగస్టు 30, శనివారం

బ్రైడీకి చెప్పాను. "ఒటిస్‌ని ఇక్కడికి పంపమని అడిగాను. పంపుతారని మాటివ్వలేను. ఇల్లు చూడాలి, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాలి. కానీ అడిగాను."

తినే టోస్టు పక్కన పెట్టింది. బూట్లు వేసుకుని బయటికెళ్ళి, మళ్ళీ కట్టేందుకు కూలగొట్టిన మట్టి మీద పైపుతో నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. నేను నా పార తీసుకున్నాను.

సెప్టెంబర్ 4, గురువారం

ఇల్లు చూడ్డానికి ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. గదులు బాగున్నాయన్నాడు. పెరడు చూసి ఆగిపోయాడు. రెండు రోజులుగా వానలు. గుంటల్లో మోకాలి లోతు నీళ్ళు. చిన్నపిల్లాడున్న ఇంట్లో ఇలా నీళ్ళు నిలవకూడదు, పూడ్చేస్తే మంచిది అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

బ్రైడీ మొహం తెల్లబోయింది. ఆయన వైపు ఒక అడుగు వేసి, "పూడ్చక్కర్లేదు సార్. నీళ్ళు పోయేలా చేస్తాం. మళ్ళీ వచ్చి చూడండి. వాన పడ్డ రోజే రండి," అంది.

ఆయన రాసుకుంటూ నన్ను చూశాడు. "వాన పడ్డ రోజే రండి," అన్నాను నేను కూడా.

సెప్టెంబర్ 6, శనివారం

గుంటల అడుగునుంచి ఫెన్స్ దాకా కాలవ తవ్వి, కంకర పోసి, చిల్లుల పైపు వేశాం. హోహేపా, వాళ్ళావిడ కూడా దిగారు. నా గులాబీ పాదు పోయింది. పోతే పోయింది. బకెట్లతో నీళ్ళు గుమ్మరించి అందరం వంగుని చూశాం. గరగరమని శబ్దం చేస్తూ నీళ్ళు కిందికి పోయాయి. నలుగురం చప్పట్లు కొట్టాం, మురుగు కాలవకి!

సెప్టెంబర్ 10, బుధవారం

జోరువాన. ఆయన గొడుగేసుకుని వచ్చాడు. పెరట్లో ఐదు నిమిషాలు నిలబడ్డాడు. గుంటలు చూశాడు. బూటుతో ఒక దిబ్బని నొక్కి చూశాడు. "గట్టిగానే ఉంది," అన్నాడు. ఫోన్ చేస్తామని చెప్పి వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 15, సోమవారం

ఫోన్ రాలేదు.

సెప్టెంబర్ 18, గురువారం

వచ్చింది. బస్సు నడుపుతూ ఫోన్ తియ్యకూడదు. డిపోకి వచ్చేదాకా అది జేబులో మోగుతూ, ఆగుతూ, మళ్ళీ మోగుతూ ఉంది. దారిలో ప్రతి స్టాపులోనూ మనుషులు దిగుతూనే ఉన్నారు, ఇంత నెమ్మదిగా దిగుతారని ఎప్పుడూ గమనించలేదు.

సరేనన్నారు. ఎన్నాళ్ళకో తెలియదు. తల్లి కోలుకుంటే ఇద్దరూ వెళ్ళిపోతారు, కోలుకోవాలి కూడా. అప్పటిదాకా ఇక్కడే.

స్కూలు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. బ్రైడీ నన్ను దూరం నుంచే చూసింది. నడక ఆపేసింది. నేను తల ఊపాను. దగ్గరికి వచ్చి నా యూనిఫాం బొత్తాల మీద నుదురు ఆనించింది. చుట్టూ స్కూలంతా చూస్తోంది. బ్యాగు భుజం మీంచి జారి కింద పడింది. ఇద్దరిలో ఎవరమూ తియ్యలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

ఒటిస్ సామాను: ఒక సంచి, సైకిల్, ఎవరో ఇచ్చిన పెద్ద ప్లాస్టిక్ డైనోసార్. వచ్చీ రాగానే ట్రాక్ దగ్గరికి పోలేదు. ఇల్లంతా తిరిగి ప్రతి గది తలుపూ తెరిచి చూశాడు. "రెండు గంటలయ్యాక చెప్పు," అన్నాడు నాతో. ఇవాళ చెప్పక్కర్లేదురా అంటే నమ్మలేదు. రాత్రి భోజనం అయ్యేదాకా కోటు విప్పలేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం, సాయంత్రం

పెరట్లో గొడవ. ఎవరు ముందు వెళ్ళాలని. "కట్టింది నేను!" అంటోంది బ్రైడీ. "కట్టింది నాకోసం!" అంటున్నాడు ఒటిస్. మట్టిగడ్డ విసిరిన చప్పుడు. ఎవరు విసిరారో తెలియదు. కలుసుకునే ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు వీళ్ళు. అప్పుడు అంత టైం ఉండేది కాదు.

హోహేపా ఫెన్స్ మీంచి, వెళ్ళి ఆపు, ఆపు అని నాకు సైగ చేస్తున్నాడు.

ఆపను. కాసేపు కొట్టుకోనీ.