పండుగ ముందటి పులుపు

దమ్మపేట.

చిరంజీవి సతీష్‌ను అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ నేను, నీ భార్య భవాని ఒంట్లో బాగానే ఉన్నాము. మనసుల సంగతి కింద రాస్తాను. నువ్వు ఆ మంచు కొండల్లో వేళకు తింటున్నావా? నలుగురికి వండేవాడు తన కడుపు మరిచిపోతాడు. మెస్సులో వంటవాడివి కదా, ఆ సొరంగం లోపలికి నువ్వెందుకు పోతావు? పనివాళ్ళకు అన్నం ఇంకెవరి చేతనైనా పంపరాదా? పడుకునే ముందు గ్యాసు కట్టేశావో లేదో లేచి చూసుకో. ఒకసారి చూశానులే అనుకోకు, ఇంకోసారి చూడు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఇంట్లో ఉన్నది భవాని ఫోను. నువ్వు చేస్తే స్పీకరు పెట్టి నా చేతికిచ్చి, పక్కనే ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చుంటుంది. ఈ సంగతి ఆమె వింటుండగా చెప్పలేను. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు నావి, తప్పులుంటే సర్దుకొని చదువు.

మోకాళ్ళ గురించి అడిగావు. దవాఖానా మందు వేసుకుంటున్నాను, మెట్లు దిగేటప్పుడే పోటు. భవాని కర్రీ పాయింటు బాగా నడుస్తోంది. పప్పు, వంకాయ పొద్దుగూకే సరికి అయిపోతాయి. ఫంక్షన్ల వంటకని పెద్ద పొయ్యి కొన్నది. దాని మంట లేస్తే నేను గోడకు ఒదుగుతాను. కొంగు దోపుకో, కొంగు దోపుకో అని అంటూనే ఉంటాను. "నీ వంతు భయం నువ్వు పడు అత్తమ్మా, నా వంతు వంట నేను చేస్త" అని నవ్వుతుంది.

భవాని నాతో ఎట్లా ఉంటున్నదని అడిగావు. ఒట్టు పెట్టి రాస్తున్నాను, మంచిగా చూసుకుంటుంది. మామిడి పండుగ కాకముందు నేను మామిడికాయ ముట్టనని, నా ఒక్కదానికి వేరే గిన్నెలో కూర వండుతుంది. అయితే బోనకల్ వైపు పిల్ల కదా, మన కోయ కట్టుబాట్లు ఎరగదు. ఇది ముసలిదాని పట్టింపు, ఎవరో శనివారం ఒంటిపూట ఉన్నట్టు అనుకున్నది. ఇది ఊరు ఊరంతటి కట్టు అని నేను ఎన్నడూ విడమర్చి చెప్పలేదు.

మీ మామ కూతురు యశోద పెళ్ళి భోజనాలు ఎట్లా జరిగాయని అడిగావు చూడు, ఆ సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

మా పుట్టింటి గూడెం ఊట్లగుంపులో పెళ్ళికి ఊరివాళ్ళే కలిసి వండుకుంటారు. ఈసారి మీ మామ దూలయ్య, "నా మేనల్లుని పెండ్లామే ఇంత బాగ వండుతుంటే వేరేటోళ్ళెందుకు? నా బిడ్డ పెండ్లికి ఆమెనే వండాలె" అన్నాడు. భవాని పొంగిపోయింది. ఈ ఒక్క వంట మెప్పిస్తే చుట్టుపక్కల గుంపులన్నీ మనల్నే పిలుస్తాయని ఆశపడింది.

ఈ ఏడు అక్కడ మామిడి పండుగ ఆగింది. పూజారి ఆదినారాయణ కాలు విరిగి భద్రాచలం దవాఖానాలో పడ్డాడు. ఆయన వచ్చి దేవతలకు మొదటి కాయ పెట్టేదాకా ఊళ్ళో పసిపిల్ల కూడా కాయ కొరకదు.

పెళ్ళినాడు నేను ముందే పోయి పెళ్ళికూతురి దగ్గర ఉన్నాను. భవాని ట్రాలీ ఆటోలో సామానుతో వచ్చి పాక వెనక పొయ్యిలు వెలిగించింది. బంతి కూర్చునే వేళకు అటు పోయాను. పప్పుచారు గిన్నె పక్కన బకెట్టు ఉంది. దాని నిండా మామిడి టెంకలు.

"ఇవేందే?" అన్నాను.

"తెచ్చిన చింతపండు బూజు పట్టింది అత్తమ్మా. దోవలో తోట కనబడితే కాయలు తీసుకున్న. ఉడకబెట్టి, రసం పిండి పోసిన. టమాటల్ల కలిసిపోయింది, ఎవరికి తెల్వదు."

"ఊరికి పండుగ కాలేదే! దేవతలకు పెట్టకముందే ఊరందరికి పెడతవా?"

"ఆ పట్టింపు నీ ఒక్కదానికే అనుకున్న" అన్నది. అప్పటికే విస్తర్లలో అన్నం పడుతోంది. నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు గిన్నెడు పారబోస్తే పెండ్లి నవ్వులపాలయితది. ఇగ మనల్ని ఏ గుంపుల పొయ్యి ముట్టనిస్తరు? కాయ పెట్టినమా? ఉత్త పులుపే కద. నీ కాళ్ళు మొక్కుత అత్తమ్మా, నోరిప్పకు."

నేను నోరిప్పలేదు. ఊరంతా తిన్నది. వేళ్ళు నాకి మరీ తిన్నది.

ఆ రోజు నుంచి ఊట్లగుంపులో ఎవరికైనా జ్వరమంటే నా వల్లనే అనిపిస్తుంది. ఆ ఊరి ఎర్రమ్మ మేకపిల్ల చచ్చిపోతే అదీ నా వల్లనే అనుకున్నాను. ఆదినారాయణ కర్ర పట్టుకొని ఇల్లు చేరాడు. వచ్చే మంగళవారం పండుగ. కాయ పెట్టే ముందు ఆయన ఇంటింటి పెద్దను అడుగుతాడు, ఎవరన్నా ముందు తిన్నారా అని. అందరూ లేదంటారు. వాళ్ళంతా నిజమే చెబుతున్నామనుకుంటారు. ఆ అబద్ధం వాళ్ళ నోట్లో పెట్టింది నేను.

అందుకే నిన్న, భవాని సత్తుపల్లి బజారుకు పోయినప్పుడు, ఆమెకు చెప్పకుండా ఆటో ఎక్కి ఊట్లగుంపు పోయాను. దూలయ్య దడి కడుతున్నాడు. నిలబడే మామిడి రసం సంగతి చెప్పాను. విని, కడుతున్న తడికను పట్టుకొని నిలబడ్డాడు. మెల్లగా అన్నాడు, "అయిపోయినంక నీకు తెలిసిందా అక్కా? అట్లయితే నీ తప్పేమున్నది? ఆ పిల్ల తెల్వక చేసింది, మేం తెల్వక తిన్నం."

నా తమ్ముడు నాకు దారి ఇచ్చాడు కొడుకా. అవునంటే సరిపోయేది.

నీకు కూడా ఇక్కడిదాకా ఒకటి దాచాను. బంతిలో దూలయ్య విస్తరి చూపించి, "అక్కా, పప్పుచారు మస్తుగున్నది, ఇంకింత పొయ్యవే" అన్నాడు. గరిటె నా చేతిలో ఉంది. నేను పోశాను. ఒకసారి కాదు, మళ్ళీ అడిగితే మళ్ళీ పోశాను. నా కోడలి వంట మెచ్చుకుంటున్నాడని ఆ క్షణంలో సంతోషపడ్డాను కూడా. అదే నన్ను కాలుస్తోంది.

"తెలిసే పోసిన తమ్మీ" అన్నాను.

దూలయ్య తడిక వదిలేశాడు. "మంగళారం పొద్దుగాల కాయ కొయ్యకముందే వచ్చి ఊరి ముంగట చెప్పు. వండినామెను గూడ తీస్కరా. పెద్దలు ఏం తీర్పు చెప్తే అది" అని లోపలికి పోయాడు. ఎప్పుడు పోయినా ముందు మంచినీళ్ళ చెంబు ఇచ్చేవాడు. నిన్న ఇవ్వలేదు.

ఇంకా భవానికి చెప్పలేదు. ఎట్లా చెప్పాలో నువ్వే

ఆ ముక్క రాస్తుండగానే భవాని వచ్చింది. "ఎవరికి, నీ కొడుక్కా? నా మీద చాడీలేనా?" అని నవ్వింది. ఇక దాచలేక చెప్పేశాను.

కూరగాయల సంచి నేల మీద విసిరింది. "నా పొయ్యిల నీళ్ళు పోసినవ్ అత్తమ్మా! ఒక్కమాట నాతోని అనరాదా? ఊరంత కూసున్న కాడ నన్ను దొంగ లెక్క నిలబెడ్తవా?" అని ఏడ్చింది. పెరట్లోకి పోయి తలుపేసుకుంది. నేను ఇక్కడే కూర్చున్నాను. తలుపు కొట్టే ధైర్యం లేదు.

చాలాసేపటికి మొహం కడుక్కొని వచ్చింది. నా వైపు చూడకుండా దొర్లిన వంకాయలు ఏరుతూ అడిగింది.

"తప్పు కింద కోడిని పట్కపోవాల్నా, మేకనా?"

"కోడి చాలు. తీసుకుంటే."

"తీసుకోకపోతే?"

నేను ఒక వంకాయ తీసి ఆమె సంచిలో వేశాను.

"వండింది నేను. చెప్పేది గూడ నేనే. నువ్వు పక్కన నిలబడు" అన్నది.

కానీ ఆ ముసలి పెద్దలకు ఆమె తెలుగు సగమే ఎక్కుతుంది. ఆమె అన్న ప్రతి మాటా నేనే మన కోయ మాటలోకి తిప్పి చెప్పాలి. ఆమె చెప్పడం అయిపోయాక, నేను పోసింది కూడా నేనే చెప్పాలి.

మమ్మల్ని మళ్ళీ గడప తొక్కనిస్తారో లేదో తెలియదు. ఈ ఉత్తరం చేరేసరికి మంగళవారం దాటిపోయి ఉంటుంది. ఏం జరిగినా ఫోను చేసినప్పుడు భవానిని ఒక్క మాట అనకు. నన్ను అను.

ఇట్లు,
నీ మీదే ప్రాణం పెట్టుకున్న అమ్మ,
ముత్తక్క