నిఖిల్ వాళ్ళింట్లో అమ్మ

సెప్టెంబర్ 6
నిఖిల్ వాళ్ళమ్మ సుధ ఆంటీ మొదటిసారి భోజనానికి పిలిచారు. అమెరికాలో, ఈ క్యారీ ఊళ్ళో అంత పెద్ద ఇల్లు లోపలినుంచి చూడటం ఇదే మొదలు. వాళ్ళ నాన్నగారి ఫార్మా కంపెనీలోనే నా ఉద్యోగం, నిఖిల్‌తో ప్రేమ మొదలైందీ అక్కడే. "మీ అమ్మగారు ఏం చేస్తారమ్మా?" — "కాకినాడలో లెక్చరర్ అండీ." నోట్లోంచి ఎలా వచ్చిందో... నిఖిల్ కూడా విన్నాడు. ఇక వాడికీ అదే నిజం.
అమ్మ ఇదే ఊళ్ళో ఫంక్షన్లకి వండుతోంది. నా మాస్టర్స్ ఫీజులు కట్టింది ఆ వంటతోనే.

సెప్టెంబర్ 7
అమ్మ చర్చికి రమ్మంది. పని ఉందన్నాను.

అక్టోబర్ 18
సుధ ఆంటీ వాళ్ళ పెళ్ళిరోజు పార్టీ. గరాజ్ వైపు నుంచి ట్రేలు మోసుకొస్తున్న మనిషి — అమ్మ.
నన్ను చూసింది. నా భుజం మీద నిఖిల్ చెయ్యి చూసింది. ఒక్క క్షణం ఆగింది, అంతే. తర్వాత నా ప్లేట్లో వడ్డిస్తూ, "తీసుకోండి మేడమ్, గుత్తి వంకాయ వేడిగా ఉంది."
తీసుకున్నాను. తిన్నాను కూడా.

అక్టోబర్ 19
అమ్మ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. వేడినీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. నేను ఏడుస్తుంటే దగ్గరికి తీసుకోలేదు.
"నేనెక్కడున్నానని చెప్పావు?"
"కాకినాడలో."
"ఏం చేస్తన్నానని?"
"లెక్చరర్‌వని."
"ఏం సబ్జెక్టు?"
టబ్బులో వేలు పెట్టి నీళ్ళ వేడి చూశాను.
"తెలుగని చెప్పు. నాకదే వచ్చు."

నవంబర్ 2
నిఖిల్ పెళ్ళి చేసుకుందామన్నాడు. సరేనన్నాను. సంతోషంగా ఉంది, నిజంగానే. అందుకే ఇంత భయం. అమ్మకి వీసా దొరకడం లేదని చెప్పాను. సుధ ఆంటీ ఓదార్చారు: "మీ అమ్మగారికి వీసా రాకపోతే ఏముందమ్మా, నిశ్చితార్థం వీడియో కాల్‌లో చూస్తారులే."

నవంబర్ 9
ఈరోజు చెప్పేయాలనుకున్నాను. కార్‌లో నిఖిలే ముందు మాట్లాడాడు. "డాడీ నిన్ను డైరెక్టర్ చేద్దామంటున్నారు. ఇంకా ఎవరికీ చెప్పకు."
చెప్పలేదు. ఏదీ.

నవంబర్ 15
నిఖిల్‌తో చీరలు చూస్తుండగా అమ్మ ఫోన్. మా నిశ్చితార్థం వంట తనకే ఇచ్చారట సుధ ఆంటీ.
"కాదంటే ఎందుకని అడుగుతారని ఒప్పుకున్నాను నాన్నా. స్వీట్ ఏం పెట్టమంటావు?"
చేతిలో చీర పక్కన పెట్టాను.
"ఎవరు?" అన్నాడు నిఖిల్.
"ఎవరో క్యాటరింగ్ ఆంటీ."
ఫోన్ చెవి దగ్గర్నుంచి దించాను. కాల్ ఇంకా నడుస్తోంది. అవతల కుక్కర్ చప్పుడు. అమ్మ కట్ చేయడం లేదు...