తేనెపిట్ట కూత

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కరించి రాస్తున్నది. మేమిద్దరం క్షేమమే అని మొదట రాయాలి కనుక రాశాను. అది ఎంతవరకు నిజమో మిగతాది చదివి నువ్వే తేల్చుకో. నీ తుంటి నొప్పి తగ్గిందా? కర్ర పట్టుకునే నడుస్తున్నావా?

ఆదివారం నడకలు ఎలా సాగుతున్నాయని అడిగావు. ఏం సాగడం! కాలవ గట్టు మీది చెట్ల మధ్య పొద్దున్నే పిట్టల్ని చూస్తూ గుంపుగా తిరుగుతాం. ముందు రిటైరైన లెక్కల మాస్టారు, వెనక మేము. ఆకుల కింద పురుగుల్నీ, సీతాకోకచిలుకల్నీ అందరికంటే ముందు నేనే కనిపెడతాను. కళ్లకేం లోటు లేదు.

కిందటి వారం మందార పొదల దగ్గర మాస్టారు చెయ్యెత్తి అందరినీ ఆపారు.

“విన్నారా? తేనెపిట్ట!”

అందరూ తలలూపారు. నాకు దూరంగా బస్సు మోత తప్ప ఏమీ వినపడలేదు. “ఈ కీచురాళ్ల గోలకి చెవులు చిల్లులు పడుతున్నాయండీ,” అని పక్కనున్న బ్యాంకు మేడమ్ చెవులు మూసుకుంది. నేనూ మూసుకున్నాను, దేనికో తెలియకుండానే.

“ఎక్కడండీ పిట్ట?” అని మళ్లీ మళ్లీ అడిగాను.

“మీ నెత్తి మీదే అరుస్తోంది కదమ్మా! కాస్త మనసు పెట్టి వినాలి,” అన్నారు మాస్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఇంతకంటే మనసు పెట్టాలంటే చెట్టెక్కి కూర్చోవాలి నేను!” అని అరిచాను. పిట్ట తుర్రుమంది. అందరూ నన్నే చూశారు. ఇంటికొచ్చేశాను.

ఇక దాచిన మాట. ఫోను మానేసి ఈ ఉత్తరాలేమిటి, అలిగావా అని అడిగావు. అలక కాదమ్మా. సన్నని శబ్దాలు ఇక నాకు అందవని చెవుల డాక్టరు చెప్పారు. మిషను పెట్టుకుంటే మనుషుల మాట కొంత నయమట, పిట్టల సంగతి చెప్పలేనన్నారు. ఫోనులో నీ గొంతు వినిపిస్తుంది, మాటలు విడివిడిగా అందవు. ఊఁ కొడుతూ నెట్టుకొచ్చాను. బాత్రూంలో పడ్డానని నువ్వు చెప్పిన రోజున “చాలా సంతోషం అమ్మా” అన్నానట. అక్క చెబితే తెలిసింది. మందుల షాపులో కూడా ఓనరు నన్ను కౌంటరు నుంచి వెనక గదికి మార్చారు. ఒక మందు అడిగితే ఇంకొకటి ఇస్తే ప్రమాదం కదా. న్యాయమే. న్యాయమైనా కడుపు రగిలిపోతోంది.

ఈ ఆదివారం నడకకి వెళ్లనన్నాను. సెలవు రోజున ఎండెక్కినా మంచం దిగని మీ అల్లుడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

“పద. పిట్ట కూస్తే నేను భుజం తడతాను, నువ్వు చూసుకో.”

ఆయనకి కాకికీ కోకిలకీ తేడా తెలియదు. సైకిలు బ్రేకు కీచుమన్నా తట్టారు, ఎవరి చెప్పులో కిర్రుమన్నా తట్టారు. “ఆపండి బాబూ, భుజం వాచిపోతోంది!” అని విసుక్కున్నాను. మళ్లీ తట్టారు. విసురుగా తల తిప్పాను.

కొమ్మ చివర తేనెపిట్ట. ముక్కు తెరిచి ఉంది, గొంతు కింద ఈకలు అదురుతున్నాయి. నాకు మాత్రం నిశ్శబ్దమే.

“ఎలా కూస్తోంది?” అని అడిగాను.

ఆయన నా చెవి దగ్గరికి వంగి చెప్పారు. “మీ అమ్మగారు నిన్ను అన్నానికి పిలిచినట్టు. ఊపిరి తీసుకోకుండా.”

అది ఎగిరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇట్లు,
నీ మాట వినని
చిన్నకూతురు